అరువు రక్తం

పక్కింటివాళ్లు చక్కెర అడుగుతారు. పై అంతస్తువాళ్లు నిచ్చెన అడుగుతారు. మా ఆడపడుచు రక్తం అడిగింది.

"వదినా, ఖాళీగా ఉన్నావా? ఒక్క గొట్టం రక్తం కావాలి. బస్సెక్కి వచ్చెయ్, ప్లీజ్."

ఇంట్లో ఉండే ఆడదాన్ని ఖాళీగా ఉన్నావా అని అడిగేవాళ్లను నేను మామూలుగా అంత తేలిగ్గా వదలను. కానీ ఆ గొంతులో కంగారు విని, పొయ్యి కట్టేసి, చెప్పులేసుకుని బయల్దేరాను.

ఆమె పనిచేసేది పెద్దాసుపత్రి వెనక ఉన్న మలేరియా లాబులో. అక్కడ మలేరియా పరాన్నజీవుల్ని పెంచుతారు. పురుగులంటుంది తను, నేనూ అలాగే అంటాను. ఆ పురుగులు బతకాలంటే మనిషి ఎర్ర రక్తకణాలు కావాలి. ఆ కణాలు అంగట్లో దొరికేవి కావు కనక, ఎవరో ఒకరు చెయ్యి చాపాలి. లాబుకి ఎప్పుడూ రక్తమిచ్చేది గేటు దగ్గర ఉండే కాపలాదారు. మంచి దిట్టమైన మనిషి. ఆ రోజు ఆయన సెలవులో ఉన్నాడు. ఉన్న రక్తం ప్రయోగం మధ్యలో అయిపోయింది. వంట మధ్యలో నూనె అయిపోయినట్టు.

నర్సమ్మ వచ్చి, సంతకం పెట్టించుకుని, నా మోచేతి మడతలో సూది దింపింది. అరగంటలో ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి వెలిగించాను. అంతటితో నా సైన్సు సేవ అయిపోయిందనుకున్నాను.

మా ఆడపడుచుని ఇంట్లో మిడత అంటారు. ఒకచోట కూర్చోదు. తిండి నిలబడి, ఫోను నడుస్తూ. నిద్రలో కూడా కాళ్లాడిస్తుందని వాళ్లమ్మ, అంటే మా అత్తగారు, సాక్ష్యం చెబుతారు. మా ఆయనకి చెల్లెలు, మాతోనే ఉంటుంది. నేనూ జంతుశాస్త్రంలో డిగ్రీ చదివినదాన్నే. ఆ చదువు ఇప్పుడు బల్లుల్ని వెళ్లగొట్టటానికీ, మా ఆయన వైపు చుట్టాల్ని అర్థం చేసుకోవటానికీ పనికొస్తోంది.

నేను రక్తమిచ్చొచ్చిన కొద్దిరోజులకు మిడత నిజంగానే గెంతుతూ ఇంటికొచ్చింది.

"పోలేదు వదినా! దాదాపు ఒక్కటి కూడా లోపలికి పోలేదు!"

తను తయారుచేసిన యాంటీబాడీ వేసిన చోట, పురుగులు కొత్త రక్తకణాల్లోకి దూరలేకపోయాయట. వెయ్యని చోట జోరుగా దూరాయట. నమ్మకం కుదరక ఇంకో రెండుసార్లు చేసి చూసింది. అదే రక్తం, అదే అమరిక, ఆఖరికి అదే నీలం స్వెట్టరు. బాగా కుదిరినదాన్ని కదపకూడదని. మూడుసార్లూ అదే ఫలితం.

అక్కణ్నుంచి మా ఇంట్లో గాలి మారిపోయింది. ప్రాజెక్టు గడువు ముగిసిపోతోంది. శుక్రవారం ఒక కమిటీ వస్తుంది. ఈ ఫలితం వాళ్లకి నచ్చితే మిడతకి మూడేళ్ల పని, సొంతంగా ఒక బల్ల, ఒక సహాయకురాలు. నచ్చకపోతే ఆ గది ఇంకొకరిది. మిడత మళ్లీ ఎవరో చెప్పిన ప్రయోగాలకి గొట్టాలు కలిపే పనికి పోవాలి, అదీ ఖాళీ ఉంటే. మా అత్తగారు కమిటీ కోసం ఆగలేదు. మా అమ్మాయి మలేరియాని ఆపేసిందని ఈ మెట్ల మీద ఎక్కిదిగే ప్రతివాళ్లకీ చెప్పేశారు. కింద ఇస్త్రీ చేసే అతను అప్పటి నుంచి మా బట్టలు ముందు చేస్తున్నాడు.

సోమవారం సాయంత్రం మిడత వంటింట్లోకి వచ్చింది.

"మా హెడ్డు అన్నారు, కమిటీలో అందరూ మన సబ్జెక్టువాళ్లు కాదు, ఇంట్లోవాళ్లకి చెప్పినట్టు చెప్పమని. నీకు చెబుతా, వింటావా?"

"ఇంట్లోవాళ్లంటే తక్కువరకమా?"

"వదినా!"

"సరే, చెప్పు."

నేను కలిపి పెట్టిన పిండిలోంచి ఒక ముద్ద తీసుకుంది. అరచేత్తో మధ్యలో కొంచెం అదిమింది. "ఇది ఎర్ర రక్తకణం." గిన్నెలోంచి పచ్చి బఠాణీ గింజ ఒకటి తీసింది. "ఇది పురుగు. పాత కణాన్ని పగలగొట్టుకుని అప్పుడే బయటికొచ్చింది. ఎక్కువసేపు బయట తిరిగితే చస్తుంది. త్వరగా ఇంకో కణంలో దూరాలి."

"కంగారు మనిషన్నమాట. నాకు అలాంటివాళ్లు తెలుసు."

మిడత పట్టించుకోలేదు. బఠాణీని ముద్ద మీద దొర్లించింది. "ముందు ఎటుపడితే అటు అంటుకుంటుంది. ఒంటినిండా నూగులాగా ప్రొటీన్లుంటాయి, వాటితో పైపైన తడుముతుంది. తర్వాత దొర్లి, తన మొన కణానికి ఆనేట్టు తిరుగుతుంది. ఆ మొన దగ్గర ఆర్‌హెచ్ ఫైవ్ అని ఒక ప్రొటీన్. అది కణం మీదుండే బేసిజిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. ఈ పట్టు దొరక్కపోతే ఇక ముందుకు పోలేదు. నా యాంటీబాడీ వెళ్లి ఆ ఆర్‌హెచ్ ఫైవ్ మీద ఎక్కి కూర్చుంటుంది."

"చేతికి సంచి కట్టేసినట్టు."

"ఆఁ! అది వాడుకోనా? చేతికి సంచి." గది ఈ చివర నుంచి ఆ చివరకి నడిచొచ్చింది. "ఇప్పుడు యాంటీబాడీ లేదనుకో, పట్టు దొరికిందనుకో. అప్పుడు చూడాలి దాని తెలివి. తన దగ్గరున్న ఇంకో ప్రొటీన్‌ని తనే కణం పొరలో గుచ్చుతుంది. ఆ గుచ్చినదాన్ని మళ్లీ తన ఒంటి మీది ప్రొటీన్‌తోనే గట్టిగా పట్టుకుంటుంది."

"ఆగాగు. మన తలుపుకి గడియ తనే తెచ్చి బిగించి, ఆ గడియ పట్టుకుని తనే లోపలికొస్తుందా?"

"అంతే."

"మీ మేనత్త కూడా అంతే. దిండు తనే తెచ్చుకుంటుంది, నెల్లాళ్లుంటుంది."

"ఆ పట్టు పురుగు చుట్టూ ఉంగరంలాగా బిగుసుకుంటుంది. పురుగు అందులోంచి లోపలికి జారుతుంది. నూగంతా గుమ్మం దగ్గరే గీకేసి పోతుంది. వెనక పొర మూసుకుపోతుంది." వేలితో నొక్కింది. బఠాణీ పిండిలోకి దిగింది. పైన పిండి దగ్గరకి జరిపి నున్నగా చేసింది. ముద్ద ఎప్పటిలాగే ఉంది. ఎవరూ రానట్టే ఉంది.

నాకెందుకో నవ్వు రాలేదు.

ఈలోపు మా అత్తగారు వచ్చారు. "పొద్దుగూకులా తిండితో ఆటలేంటే!" అని ఆ ముద్ద లాక్కుని, బఠాణీ తీసిపారేసి, గిన్నెలో వేసి మూతపెట్టారు. "కావాలంటే ఇది తీసుకో," అని పొద్దున మూత వెయ్యటం మరిచి ఎండిపోయిన ఒక పిండి ముద్దను మిడత ముందు పెట్టారు. "ఏదీ, నాకూ చెప్పు. ఊరందరికీ చెబుతున్నాను, అదేంటో నాకే తెలీదు."

మిడత మళ్లీ మొదలుపెట్టింది. పురుగు బయటికొచ్చింది, తడిమింది, దొర్లింది, పట్టుకుంది. బఠాణీని నొక్కింది. దిగలేదు. ఇంకా నొక్కింది. పిండి పైన కొంచెం పగిలింది గానీ గింజ పైకే లేచింది.

"దిగట్లేదుగా," అన్నారు అత్తగారు సంబరంగా. "నీ మందు పనిచేసిందన్నమాట!"

"మందు ఇంకా ఎక్కడ వేశానమ్మా, ఇది పిండి గట్టిపడి..."

అక్కడ ఆగిపోయింది. వేలు బఠాణీ మీదే ఉంది. మిడత కదలకుండా నిలబడటం ఈ ఇంటికొచ్చాక నేను చూడటం అదే మొదటిసారి.

"వదినా," అంది చివరికి, "నువ్వు ఆ రోజు వచ్చేసరికి నేను ఎంతవరకు చేశాను?"

"నాకేం తెలుసు? రెండు ప్లేట్లున్నాయి బల్ల మీద. ఒకటి అయిపోయింది, రెండోది మొదలుపెట్టాలి అన్నావు."

"మొదటిది యాంటీబాడీ లేనిది. కాపలాదారు రక్తం." నెమ్మదిగా, తనకి తనే చెప్పుకుంటున్నట్టు అంది. "రెండోది యాంటీబాడీ వేసింది. అంతా నీ రక్తం. తర్వాతి రెండుసార్లూ అలాగే వేశాను."

"రక్తం రక్తమే కదే," అన్నారు అత్తగారు.

"కాదమ్మా! కొందరి కణాల పొర బిగువుగా ఉంటుంది. పురుగు పట్టుకోగలదు గానీ వంచలేదు, లోపలికి చుట్టుకోలేదు. అందుకే లాబులో కొత్త మనిషి రక్తం వస్తే ముందు మామూలు పురుగుల్ని అందులో పెంచి చూస్తాం, పెరిగితేనే వాడతాం. ఎవరి రక్తమైనా సరే." నా వైపు చూసింది. "నీది చూడలేదు. ఇంటి మనిషివి కదా అనుకున్నా."

ఇంటి మనిషి అనే మాట మీద ఎంత పని సాగిపోతుందో నాకు తెలియంది కాదు. ఇంటి మనిషికి అడగక్కర్లేదు, చూడక్కర్లేదు, పరీక్షించక్కర్లేదు. ఇన్నేళ్లలో మొదటిసారి దాని వల్ల నాకు కాకుండా ఇంకొకరికి నష్టం జరుగుతోంది. జాలిపడ్డాను. కొంచెం తృప్తి కూడా పడ్డాను, అది వెంటనే మింగేశాను.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మిడత కంచం పట్టుకుని గదులన్నీ తిరిగింది. అన్నకి విషయం చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, "శుక్రవారం అయిపోనీ, తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చుగా?" అన్నాడు.

"తర్వాత చూస్తే?"

"అప్పటికి మూడేళ్లు చేతికొస్తాయి కదే."

"తప్పని తేలితే మూడేళ్లూ ఏం చెయ్యాలన్నయ్యా? వదిన రక్తాన్ని యాంటీబాడీ అని పిలుచుకుంటూ కూర్చోవాలా?"

మా ఆయన నా వైపు చూశాడు, ఏదైనా అనమన్నట్టు. నేను కూర వడ్డించాను.

హెడ్డుకి ఫోను చేసింది. స్పీకరు పెట్టుకుని వరండాలో నడుస్తూ మాట్లాడింది కనక మేమందరం విన్నాం. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "మూడుసార్లు వచ్చిన ఫలితం అది. స్లైడ్లు పంపేశాం. ఇప్పుడు కెలక్కండి," అన్నాడు.

"మూడుసార్లూ ఒకే తప్పు చేశాను సార్."

"చేసి ఉండవచ్చు అనండి. మీకు తెలీదు కదా ఇంకా."

ఫోను పెట్టేశాక మిడత నా దగ్గరికొచ్చి, స్టూలు మీద కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుంది. "తెలీదు కదా అంటున్నారు. నిజమే. తెలీకుండా ఉండిపోవచ్చు. శుక్రవారం దాకా తెలీకుండా ఉంటే చాలు." గోళ్లు కొరుక్కుంది. "నువ్వేమంటావు వదినా?"

"నేననేదేముంది. నా రక్తం నా దగ్గరే ఉంది. కావాలంటే రేపు పొద్దున్నే వస్తా."

మిడత లేచి వెళ్లి చేతులు కడుక్కుంది.

మర్నాడు ఇద్దరం మొదటి బస్సెక్కాం. గేటు దగ్గర కాపలాదారు నన్ను చూసి, తోటి ఉద్యోగిని పలకరించినట్టు తలూపాడు. ఆయనా నేనూ పక్కపక్క కుర్చీల్లో చేతులు చాపుకుని కూర్చున్నాం. "మీకు తల తిరుగుతుందా?" అని అడిగాడు. లేదన్నాను. "నాకు తిరుగుతుంది. ఎవరికీ చెప్పకండి," అన్నాడు.

ఈసారి మిడత నాలుగు వరసలు వేసింది. కాపలాదారు రక్తం యాంటీబాడీతో, యాంటీబాడీ లేకుండా. నా రక్తం కూడా అలాగే. ప్లేటు గుంటల్లోకి చుక్కలు వదిలి, మూతపెట్టి, వెచ్చటి పెట్టెలో పెట్టింది. పురుగులు ఉన్న కణాల్లోంచి బయటికొచ్చి కొత్తవాటిలో దూరాలి. దానికి పట్టే సమయం పడుతుంది. తొందరపెడితే వినేవి కావు.

బుధవారమంతా మా ఇల్లు ఒక కాలి మీద నిలబడింది. మిడత లాబుకి పోయి, చెయ్యటానికేం లేక తిరిగొచ్చి, మళ్లీ పోయింది. అత్తగారు మెట్ల మీద ఎవరైనా ఎదురైతే ముఖం తిప్పుకుని ఇంకో అంతస్తు ఎక్కేస్తున్నారు. మా ఆయన పనికి రాని డ్రాయరొకటి బయటికి లాగి బాగుచేస్తానని కూర్చుని, దాన్ని పూర్తిగా పాడుచేశాడు. నేను ఉల్లిపాయలు తరిగాను. ఎందుకు తరుగుతున్నానో తెలీకుండా తరిగాను. ఆ ముక్కలతో రెండు పూటలు గడిచాయి. కత్తి కింద పెట్టినప్పుడల్లా నా మోచేతి మడత వంక చూసుకునేదాన్ని. సూది గుచ్చిన చోట చిన్న నీలిమచ్చ. అందులో ఏమున్నదో నాకు తెలీదు. ఇన్నేళ్లూ నాతోనే ఉంది, ఒక్క మాట చెప్పలేదు.

రెండు రకాలుగా కోరుకుంటున్నానని మధ్యాహ్నానికి నాకే తెలిసింది. దాని యాంటీబాడీ నెగ్గాలని. నా రక్తం మామూలుది కాదని తేలాలని. రెండూ ఒకేసారి జరగటం కష్టమని డిగ్రీ లేకపోయినా తెలిసేదే.

గురువారం మధ్యాహ్నం నన్ను కూడా రమ్మంది. ఒక్కదానికి చూసే ధైర్యం లేదట. లాబులో గాజుపలకల మీద రక్తాన్ని పలచగా పూసి, రంగు వేసి ఆరబెట్టింది. మైక్రోస్కోపు మీద వంగి, ఎడమచేత్తో ఒక లెక్కమీట క్లిక్కుమనిపిస్తూ చూడటం మొదలుపెట్టింది. మిడత అంత నిలకడగా కూర్చోవటం చూస్తే భయమేసింది. కాళ్లు మాత్రం బల్ల కింద ఊగుతున్నాయి.

మొదటి పలక. క్లిక్కు, క్లిక్కు, క్లిక్కు. ఆగకుండా. "ఇది కాపలాదారుది, యాంటీబాడీ లేనిది. బాగా దూరాయి. ఇలాగే ఉండాలి."

రెండో పలక. క్లిక్కు. కాసేపాగి క్లిక్కు. మళ్లీ రెండు. "కాపలాదారుదే. యాంటీబాడీతో." తల ఎత్తలేదు. "తగ్గాయి. కానీ ఉన్నాయి వదినా. సగానికి సగం ఉన్నాయి."

మూడో పలక పెట్టింది. చప్పుడు లేదు. పలకను అటు జరిపింది, ఇటు జరిపింది. ఎక్కడో ఒక క్లిక్కు. ఆ గదిలో ఉన్న ఫ్రిజ్జు మోత అప్పుడే నాకు వినబడింది.

"ఇది?" అన్నాను, తెలిసే.

"నీది. యాంటీబాడీ లేకుండా." నాలుగోది చూడక్కర్లేకపోయినా చూసింది. అదీ అంతే. కుర్చీలో వెనక్కి వాలింది. "నా యాంటీబాడీ కాదు వదినా. మూడుసార్లూ నువ్వే ఆపావు."

ఏదో ఒకటి అనాలి కదా అని, "కావాలని కాదు," అన్నాను.

మిడత నవ్వింది. కళ్లు తుడుచుకుని, "నీకు మలేరియా రాదని మాత్రం అనుకోకు. దోమతెర కట్టుకో," అంది. ఆ స్థితిలో కూడా నాకు జాగ్రత్త చెప్పటం మానలేదు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

"సగం ఆపిందిగా నీది."

"సగం. సగం ఎవరికి కావాలి?"

"నాకు తెలీదు. పూర్తిగా అని చెప్పి పోతే, రేపు అదే ప్రయోగం ఎవరో కాపలాదారు రక్తంతో చేస్తారు. అప్పుడు సగం కూడా నీది కాదు."

మిడత లెక్కమీటను సున్నాకి తిప్పి, రెండో పలకను మళ్లీ పెట్టి, మొదటినుంచీ లెక్కపెట్టింది. ఈసారి ఇంకా నెమ్మదిగా. అదే లెక్క వచ్చింది.

శుక్రవారం నీలం స్వెట్టరు వేసుకోలేదు. వెళ్లేముందు స్లైడ్లు మార్చుకుంది. పూర్తిగా ఆగింది అని ఉన్నచోట తీసేసి, సగం అని రాసింది. ముందు చేసిన తప్పుకి ఒక స్లైడు విడిగా పెట్టింది. హెడ్డుకి పొద్దున్నే చెప్పిందట. ఆయన "మీ ఇష్టం" అని, గదిలోకి తనకంటే ముందు నడిచాడట.

మేము ఇంట్లో కూర్చున్నాం. అత్తగారు ఫోను ఒళ్లో పెట్టుకున్నారు. అది మోగినప్పుడల్లా గ్యాసు కంపెనీవాళ్లో, కరెంటువాళ్లో. వాళ్లని ఆవిడ తిట్టిన తిట్లు నేను రాయను.

మిడత వచ్చేసరికి సాయంత్రమైంది. బ్యాగు కూడా దింపకుండా గుమ్మంలోనే చెప్పింది. "మూడేళ్లు అడిగితే ఒక్కటి ఇచ్చారు. బల్ల ఉంటుంది, సహాయకురాలు ఉండదు. ఏడాదిలో సగాన్ని పెంచి చూపించమన్నారు."

"ఇంతేనా?" అన్నారు అత్తగారు.

"ఇంతే. పూర్తిగా పోయేది కదమ్మా." అప్పుడు కూర్చుంది. కూర్చునే ఉంది. "తప్పు స్లైడు చూపించినప్పుడు హెడ్డు కళ్లు మూసుకున్నారు. కమిటీలో ఒకావిడ మాత్రం దాన్నే మళ్లీ వెనక్కి తిప్పి చూపించమంది. ఆ రెండో రక్తం ఎవరిదని అడిగింది. పేరు చెప్పకూడదు కనక చెప్పలేదు. ఆ కణాల పొరలో ఏముందో చూడాలి, ఆ మనిషి ఒప్పుకుంటే మళ్లీ రక్తం ఇస్తారా అని హెడ్డు బయటికొచ్చాక అడిగారు. మెల్లిగా అడిగారులే. చాలా మెల్లిగా."

అత్తగారు నా వైపు తిరిగి ఎగాదిగా చూశారు. ఏదో లెక్క కుదిరినట్టు తలూపారు. ఆ పూటే మెట్ల మీదికి మళ్లీ వెళ్లటం మొదలుపెట్టారు. నేను చెత్తబుట్ట బయట పెట్టటానికి వెళ్లినప్పుడు కింది అంతస్తు నుంచి గొంతు వినబడింది: "మలేరియా పురుగే దూరలేకపోయిందంటే చూడండి. మా కోడలు మొండిదని నేను మొదటినుంచీ చెప్పటంలా?"

రెండు వారాల తర్వాత మిడత ఫోను చేసింది. నేను అప్పుడు పొయ్యి దగ్గరే ఉన్నాను. ఖాళీగా ఉన్నావా అని అడగలేదు.

"వదినా, కొంచెం రక్తం కావాలి. నీకెప్పుడు వీలవుతుంది?"

చూసి చెబుతానన్నాను. చూడాల్సిందేమీ లేదు. అయినా పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని, గోడకున్న క్యాలెండరు ముందు కాసేపు నిలబడ్డాను. అవతల అది లైను మీదే వేచి ఉంది.